గుండెకు చేరే రక్తమే గుండె పంపే రక్తం

డెబ్బై కిలోల బరువున్న మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఊరికే కూర్చుని ఉన్నప్పుడు గుండె నిమిషానికి 70 సార్లకు కాస్త అటూ ఇటూగా కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ ఎడమ జఠరిక, అంటే గుండె ఎడమవైపు కింది గది, దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని బృహద్ధమనిలోకి నెడుతుంది. రెండూ గుణిస్తే నిమిషానికి 5 లీటర్లు. అంటే ఒంట్లో ఉన్న రక్తమంతా దాదాపు నిమిషానికోసారి గుండెను దాటి వెళ్తోంది. వెళ్లినది వెళ్లినంత వేగంగానూ వెనక్కి రాకపోతే, రెండో నిమిషంలో పంపడానికి గుండె దగ్గర ఏమీ ఉండదు.

ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వీ 1628లో లోకం ముందు పెట్టిన వాదానికి మూలం ఇలాంటి లెక్కే. అప్పటికి వెయ్యేళ్లకు పైగా చెల్లుతూ వచ్చిన ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ సిద్ధాంతం ప్రకారం కాలేయం తిండి నుంచి రక్తాన్ని తయారు చేస్తుంది, అవయవాలు దాన్ని వాడేసుకుంటాయి. హార్వీ చాలా తక్కువ అంచనాలు వేసుకుని లెక్క కట్టినా, అరగంటలో గుండె పంపే రక్తం ఒంట్లో ఉన్న మొత్తం రక్తాన్ని మించిపోయింది. అంత రక్తాన్ని తిండి నుంచి ఎప్పటికప్పుడు పుట్టించడం ఎవరి తరమూ కాదు. కాబట్టి అదే రక్తం తిరిగి రావాలి. మోచేతి పైన కట్టు కట్టి, ఉబ్బిన సిరను వేలితో నొక్కి, రక్తం గుండె వైపే కదులుతుందనీ చేతివేళ్ల వైపు నెట్టినా పోదనీ ఆయన చూపించాడు. ధమనుల చివర నుంచి సిరల మొదలుకు రక్తం ఏ దారిన దాటుతుందో మాత్రం ఆయన కంటికి కనపడలేదు. ఆయన పోయిన నాలుగేళ్లకు, 1661లో, ఇటలీకి చెందిన మార్చెల్లో మాల్పిఘీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినిలో చూసి ఆ సన్నని దారులను గుర్తించాడు. అవే కేశనాళికలు.

ప్రసరణ అనగానే గుండె, ధమనులు, బీపీ గుర్తొస్తాయి. తిరుగు ప్రయాణం గురించి పాఠాల్లో రెండు వాక్యాలకు మించి ఉండదు. కానీ డెంగీ షాక్ (అవయవాలకు చాలినంత రక్తం అందని స్థితి), వడదెబ్బకు కూలిపోవడం, కాన్పు తర్వాతి రక్తస్రావం, క్యూలో నిలబడ్డవాళ్లు సొమ్మసిల్లడం, కాలి సిరలో కట్టిన గడ్డ ఊపిరితిత్తికి చేరడం, ఇవన్నీ గుండెకు రక్తం తిరిగి చేరే దారిలో వచ్చే ఆపదలే. వీటిలో చాలావాటిలో గుండె కండరం మొదట బాగానే ఉంటుంది. దానికి పంపడానికి సరుకు అందదు, అంతే.

వరుసగా పనిచేసే రెండు పంపులు

గుండె బరువు 250 నుంచి 350 గ్రాములు. రొమ్ము ఎముక వెనక, రెండు ఊపిరితిత్తుల మధ్య, మూడింట రెండు వంతులు ఎడమకు ఒరిగి ఉంటుంది. కొన ఎడమవైపు ఐదో, ఆరో పక్కటెముకల సందులో చేతికి తగులుతుంది. పైన కర్ణికలనే రెండు గదులు, కింద జఠరికలనే రెండు గదులు. ఒళ్లంతా తిరిగిన రక్తం ఊర్ధ్వ, అధో బృహత్సిరల ద్వారా కుడి కర్ణికకు, అక్కడి నుంచి కుడి జఠరికకు, అక్కడి నుంచి పుపుస ధమని గుండా ఊపిరితిత్తులకు పోతుంది. ఆక్సిజన్ పట్టుకుని నాలుగు పుపుస సిరల ద్వారా ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు వచ్చి బృహద్ధమనిలోకి వెళ్తుంది.

బొమ్మల్లో రెండు వైపులూ ఒకేలా కనిపిస్తాయి. నిజానికి ఎడమ జఠరిక గోడ 8 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉంటే, కుడి గోడ 3 నుంచి 5 మిల్లీమీటర్లే. పంపే రక్తం మాత్రం రెండిటిదీ సమానం. తేడా ఒత్తిడిలో ఉంది. బృహద్ధమనిలో ఒత్తిడి 120/80 మి.మీ. పాదరసం, పుపుస ధమనిలో సుమారు 25/10. ఊపిరితిత్తుల్లో గాలికీ రక్తానికీ మధ్య ఉన్న పొర మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే పలచన. అక్కడ ఒత్తిడి పెరిగితే నీరు ఊరి గాలి గదుల్లోకి చేరుతుంది.

రెండు పంపులూ సమానంగా నడవడం ఎంత అవసరమో చిన్న లెక్కతో తెలుస్తుంది. కుడి జఠరిక ఎడమదాని కంటే కొట్టుకున్న ప్రతిసారీ ఒక్క మిల్లీలీటరు ఎక్కువ పంపిందనుకుందాం. గంటలో 4,200 సార్లు, అంటే 4 లీటర్లకు పైగా రక్తం ఊపిరితిత్తుల్లో పోగుపడాలి. మనిషి బతకడు. అలా జరగకుండా కాపాడేది గుండె కండరానికే ఉన్న ఒక గుణం: లోపలికి ఎక్కువ రక్తం వచ్చి కండర తంతువులు ఎంత సాగితే, ఆ తర్వాతి సంకోచం అంత బలంగా ఉంటుంది. ఎక్కువ వస్తే ఎక్కువ పంపుతుంది, తక్కువ వస్తే తక్కువ. మెదడు చెప్పాల్సిన పని లేదు, నరం తగలాల్సిన పని లేదు. ఒట్టో ఫ్రాంక్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల పేర్లతో దీన్ని ఫ్రాంక్–స్టార్లింగ్ సూత్రం అంటారు. ప్రసరణ వ్యవస్థలో దీనికి మించిన ముఖ్య విషయం లేదు. ఎంత పంపాలన్నది ఆరోగ్యవంతమైన గుండె ఒంటరిగా తేల్చుకునేది కాదు. వచ్చిన రక్తమే దాన్ని తేలుస్తుంది.

అందుకే గుండె నిండడానికి పట్టే సమయం, పంపే సమయం కంటే విలువైనది. నిమిషానికి 75 సార్ల వేగంలో ఒక్కో చక్రం 0.8 సెకన్లు. అందులో జఠరికల సంకోచం 0.3, వ్యాకోచం 0.5. వేగం 150కి పెరిగితే చక్రం 0.4 సెకన్లకు కుదించుకుపోతుంది, కోత ఎక్కువగా పడేది వ్యాకోచానికే. పైగా ఎడమ జఠరిక కండరానికి కరోనరీ ధమనుల్లోంచి రక్తం అందేది ముఖ్యంగా వ్యాకోచంలోనే, ఎందుకంటే సంకోచంలో కండరమే బిగిసి తన నాళాలను తానే నొక్కేస్తుంది. మిగతా ఒళ్లు విశ్రాంతిలో రక్తం నుంచి నాలుగో వంతు ఆక్సిజన్ తీసుకుంటే, గుండె కండరం విశ్రాంతిలోనే 70 శాతం దాకా లాగేస్తుంది. పని పెరిగినప్పుడు ఇంకా లాగడానికి పెద్దగా మిగిలేది లేదు, రక్తమే ఎక్కువ రావాలి. కరోనరీ ధమని పూడి ఉంటే అది రాదు. మెట్లెక్కితే ఛాతీ పట్టేసి, ఆగితే సర్దుకునే నొప్పికి కారణం ఇదే. నాళం పూర్తిగా మూసుకుపోతే 20 నుంచి 40 నిమిషాల్లో కండరం చనిపోవడం మొదలవుతుంది. కండరం క్షణక్షణం ఖర్చుపెట్టే ఏటీపీ అనే శక్తి అణువును, దాన్ని వెంటనే భర్తీ చేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1920ల చివర్లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలికితీసినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ నిల్వ గుండెలో కొన్ని సెకన్లకు మించి సరిపోదు. గుండెపోటులో నిమిషాల లెక్క అందుకే.

రక్తాన్ని ఒక్క వైపుకే పోనిచ్చే తలుపులే కవాటాలు. గుండెలో అవి నాలుగు: కుడి కర్ణిక, జఠరికల మధ్య అగ్రత్రయ కవాటం, ఎడమవైపు మైట్రల్ అని పిలిచే అగ్రద్వయ కవాటం, పుపుస ధమని మొదట్లో ఒకటి, బృహద్ధమని మొదట్లో ఒకటి. స్టెతస్కోపులో వినిపించే మొదటి శబ్దం కర్ణికల కింది కవాటాలు మూసుకున్నప్పటిది, రెండోది ధమనుల మొదట్లో ఉన్నవి మూసుకున్నప్పటిది. మన దేశంలో కవాటాల జబ్బుకు పెద్ద కారణం గొంతునొప్పితో మొదలయ్యే రుమాటిక్ జ్వరం. స్ట్రెప్టోకాకస్ సోకిన గొంతును పట్టించుకోకుండా వదిలేస్తే 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో కొందరికి రెండు మూడు వారాల తర్వాత కీళ్ల వాపు, గుండె వాపు వస్తాయి. ఏళ్లు గడిచేసరికి మైట్రల్ కవాటం రేకులు అతుక్కుని, 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సిన ద్వారం 1.5 కంటే సన్నబడుతుంది. చాలామంది ఆడవాళ్లలో ఇది మొదటిసారి బయటపడేది గర్భంలో. అప్పుడు రక్త పరిమాణం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఎక్కువ రక్తం వెనక్కి వస్తుంది, ద్వారం సన్నగా ఉంటుంది, నీరంతా ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. గర్భిణి పడుకోలేక లేచి కూర్చుని ఆయాసపడితే దాన్ని నెలలు నిండటం వల్ల వచ్చే అలసట అని కొట్టేయకూడదు. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి వేసే పెన్సిలిన్ సూదిని మధ్యలో ఆపకూడదన్నదీ ఇందుకే.

కొట్టుకునే వేగాన్ని కుడి కర్ణికలో ఉన్న ఎస్‌ఏ నోడ్ అనే చిన్న కణాల గుంపు విద్యుత్ సంకేతాలు పుట్టించి నిర్ణయిస్తుంది, నిమిషానికి 60 నుంచి 100. ఆ సంకేతం కర్ణికల గుండా, కర్ణికలకూ జఠరికలకూ మధ్య ఉన్న ఏవీ నోడ్‌కు చేరి అక్కడ సుమారు 0.1 సెకను ఆగుతుంది. కర్ణికలు తమలోని రక్తాన్ని జఠరికల్లోకి పూర్తిగా దించడానికి ఆ కాస్త వ్యవధి కావాలి. ఆ తర్వాత హిస్ కట్ట, పుర్కింజీ తంతువుల ద్వారా జఠరికలంతా ఒక్కసారిగా పాకుతుంది.

ధమనుల పని: ఒత్తిడి నిలపడం, పంచడం

బృహద్ధమని మొదట్లో రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దాని గోడ సాగి, వెనక్కి వచ్చే గుణం ఉన్నది కాబట్టే గుండె నిండుతున్న ఆ అర సెకనులోనూ రక్తం ముందుకు పోతూనే ఉంటుంది, ఒత్తిడి 80కి దిగి ఆగుతుంది. వయసుతో గోడ గట్టిపడితే పై అంకె పెరిగి కింది అంకె తగ్గుతుంది. అరవై దాటినవాళ్లలో 160/70 లాంటి బీపీ తరచుగా కనిపించేది ఇందుకే.

ఏ అవయవానికి ఎంత అన్నది తేల్చేది ధమనికలు, అంటే కేశనాళికలకు ముందుండే సన్నని ధమనులు. నాళంలో ప్రవాహం దాని వ్యాసార్థం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. వ్యాసార్థం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతు. అందువల్ల ధమనిక గోడలోని కండరం కొద్దిగా బిగిసినా, సడలినా పంపకం చాలా మారిపోతుంది. విశ్రాంతిలో నిమిషానికి వచ్చే 5 లీటర్లలో మూత్రపిండాలకు సుమారు లీటరు, మెదడుకు 700 మిల్లీలీటర్ల పైచిలుకు, కండరాలన్నిటికీ కలిపి 15 నుంచి 20 శాతం అందుతాయి. పరుగెత్తేటప్పుడు గుండె 20 లీటర్లు పంపితే, అందులో 80 శాతం దాకా కండరాలే తీసుకుంటాయి. మెదడు వాటా మాత్రం లీటర్లలో చూస్తే దాదాపు మారదు.

బీపీ కొలిచేటప్పుడు జరిగే ఒక తప్పు ఇక్కడ చెప్పాలి. చెయ్యి గుండె ఎత్తులో లేకుండా కిందికి వేలాడుతుంటే, ప్రతి 10 సెంటీమీటర్లకూ 7 నుంచి 8 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది. అది రక్తపు బరువు వల్ల వచ్చే అంకె, జబ్బు కాదు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి ఐదు నిమిషాలు కూర్చున్నాక, చేతిని బల్ల మీద గుండె ఎత్తులో పెట్టి, చేతి లావుకు తగిన పట్టీతో కొలవాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె తప్పుగా పెరుగుతుంది. ఇలాంటి కొలతతో వేరువేరు రోజుల్లో 140/90 గానీ అంతకు మించి గానీ వస్తేనే రక్తపోటు జబ్బు అని నిర్ధారిస్తారు.

కేశనాళికలు, వాటి కారుదల, డెంగీ

కేశనాళిక వెడల్పు మిల్లీమీటరులో వందో వంతుకు లోపే. ఎర్ర రక్తకణం 7 నుంచి 8 మైక్రాన్లు; చాలాచోట్ల మడతపడి, ఒకదాని వెనక ఒకటిగా దూరాల్సిందే. బృహద్ధమనిలో సెకనుకు 20 సెంటీమీటర్లకు పైగా పరుగెత్తిన రక్తం ఇక్కడ సెకనుకు అర మిల్లీమీటరు కంటే నెమ్మదిస్తుంది. ఒక్కో కేశనాళిక సన్ననిదే అయినా అన్నిటి అడ్డుకోతా కలిపితే బృహద్ధమని కంటే వందల రెట్లు పెద్దది కావడమే దీనికి కారణం. ఆక్సిజన్, గ్లూకోజు, కార్బన్ డయాక్సైడు చేతులు మారేది ఆ ఒకటి రెండు సెకన్లలోనే. మిగతా వ్యవస్థంతా ఈ సెకన్ల కోసమే ఉంది.

కేశనాళిక గోడ ఒకే ఒక్క కణపు మందం. ధమని వైపు కొసలో ఉన్న 30 నుంచి 35 మి.మీ. ఒత్తిడి ప్లాస్మాలోని నీటిని బయటికి నెడుతుంది. ప్లాస్మాలోని ఆల్బుమిన్ వంటి ప్రొటీన్లు సుమారు 25 మి.మీ. బలంతో నీటిని లోపల పట్టి ఉంచుతాయి. ఈ రెండిటి మధ్య ఉన్న కొద్ది తేడా వల్ల నీరు కాస్త కారుతూనే ఉంటుంది. ఆల్బుమిన్ తగ్గితే, కాలేయం చెడినా, మూత్రంలో ప్రొటీన్ పోతున్నా, ఒళ్లు నీరు పడుతుంది.

డెంగీలో దెబ్బ తగిలేది ఈ గోడకే. ఏటా వానల తర్వాత తెలుగు నేల అంతటా ఇళ్లలో నడిచే మాట ఒక్కటే: ప్లేట్‌లెట్లు ఎంత? రిపోర్టులో ఆ అంకె మీదే కళ్లన్నీ ఉంటాయి, ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం చాలాసార్లు పక్క వరుసలో ఉంటుంది. డెంగీ షాక్‌కు ముఖ్య కారణం కేశనాళికల గోడలు వదులై ప్లాస్మా పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ కారిపోవడం. నీటి భాగం పోతుంది, కణాలు నాళాల్లోనే మిగులుతాయి, రక్తం చిక్కబడుతుంది. రక్తంలో ఎర్రకణాల శాతాన్ని చూపే, రిపోర్టులో హెమటోక్రిట్, లేదా పీసీవీ, అని రాసి ఉండే అంకె మనిషి మామూలు స్థాయి కంటే 20 శాతం పెరిగిందంటే, ఉదాహరణకు 40 ఉన్నది 48 అయిందంటే, కారుదల గట్టిగా ఉన్నట్టు. గుండెకు తిరిగి చేరే రక్తం తగ్గుతుంది, ఫ్రాంక్–స్టార్లింగ్ సూత్రం ప్రకారం పంపేదీ తగ్గుతుంది. శరీరం ధమనికలను బిగించి కింది అంకెను నిలబెడుతుంది కాబట్టి మొదట బీపీ పడిపోదు. పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడా ముడుచుకుంటుంది. 100/80 చూసి బీపీ బాగానే ఉందనుకోవడం ఇక్కడ చేసే పెద్ద పొరపాటు. ఆ తేడా 20 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే అది షాక్ కిందే లెక్క.

ఈ దశ జ్వరం మొదలైన మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, సరిగ్గా జ్వరం తగ్గుముఖం పట్టేటప్పుడు వస్తుంది. జ్వరం తగ్గిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునే వేళ అది. కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగతగా ఉండటం, చేతులు కాళ్లు చల్లబడటం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గోరును నొక్కి వదిలితే రెండు సెకన్ల లోపు మళ్లీ ఎర్రబడాలి. ఆలస్యమైతే చివరి నాళాలకు రక్తం అందడం లేదని అర్థం. రక్తస్రావం లేనప్పుడు ప్లేట్‌లెట్లు 10,000 కంటే పైన ఉంటే వాటిని ఎక్కించడం సాధారణంగా అనవసరం. ఎక్కించినా కారుదల ఆగదు. కావలసింది కొలిచి ఇచ్చే ద్రవం. కారుదల 24 నుంచి 48 గంటలే ఉంటుంది. ఆ తర్వాత బయటికి పోయిన నీరు తనంతట తానే నాళాల్లోకి తిరిగి వస్తుంది. అప్పుడూ అదే వేగంతో సెలైన్ పెడుతూ పోతే నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. డెంగీలో ఎప్పుడు ద్రవం పెంచాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆపాలో తెలియడమూ అంతే ముఖ్యం. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేయకూడదు.

జబ్బేమీ లేనివాళ్లలోనూ రోజుకు రెండు మూడు లీటర్ల ద్రవం కేశనాళికల నుంచి కారి బయటే ఉండిపోతుంది. దాన్ని వెనక్కి తెచ్చేవి శోషరస నాళాలు. అవి గజ్జల్లో, చంకల్లో, మెడలో ఉన్న గ్రంథుల గుండా వడకట్టుకుంటూ వచ్చి, చివరికి ముఖ్యంగా ఎడమ మెడ మొదట్లో పెద్ద సిరలో కలుస్తాయి. క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఫైలేరియా పురుగులు పెరిగి పెద్దయ్యేది ఈ నాళాల్లోనే. ఏళ్ల తరబడి నాళాలు ఉబ్బి పాడైతే ద్రవం కాల్లో నిలిచి బోదకాలు అవుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాలు చాలావాటిలో ఇది పాత జబ్బే. పిల్ల పురుగులు రాత్రివేళ రక్తంలోకి వస్తాయి కాబట్టి పరీక్షకు రాత్రిపూట రక్తం తీస్తారు. జిల్లాల్లో సామూహికంగా మింగించే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు రక్తంలో ఉన్న పిల్ల పురుగులను తగ్గించి, దోమ ద్వారా ఇంకొకరికి పాకకుండా అడ్డుకుంటాయి. ముదిరిన వాపును తగ్గించవు. వాచిన కాలికి మేలు చేసేది రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, పగుళ్లకు మందు రాసి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తి పెట్టుకోవడం. చలిజ్వరంతో కాలు ఎర్రబడే ప్రతి దాడీ మిగిలిన నాళాలను ఇంకొంత పాడు చేస్తుంది, ఆ దాడులు ఎక్కువగా వేళ్ల సందుల్లోని పుండ్ల నుంచే మొదలవుతాయి.

సిరలు

ఒంట్లోని రక్తంలో ధమనుల్లో ఉండేది 13 శాతం, కేశనాళికలూ ధమనికలూ కలిపి 7 శాతం. 60 శాతానికి పైగా సిరల్లోనే ఉంటుంది. సిర గోడ పలచగా, సాగేలా ఉంటుంది కాబట్టి ఊరి చెరువులాగా నీటిని నిలువ ఉంచగలదు, అవసరమైతే గోడ బిగించి వదలగలదు. అర లీటరు రక్తం పోయినా బీపీ నిలబడటం ఈ నిల్వ చలవే. రక్తదానంలో 45 కిలోల బరువుంటే 350 మిల్లీలీటర్లు, 55 కిలోలు దాటితే 450 మిల్లీలీటర్లు తీసుకునే లెక్క వెనక ఉన్న ధీమా కూడా అదే. పోయిన నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో, కణాలు కొన్ని వారాల్లో భర్తీ అవుతాయి. ఒంట్లో రక్తం 15 శాతం, అంటే పెద్దవాళ్లలో సుమారు 750 మిల్లీలీటర్లు, పోయేదాకా నాడి వేగం కూడా పెద్దగా మారదు. 30 శాతం దాటాక బీపీ పడుతుంది. అంటే బీపీ పడే దాకా ఆగితే లీటరున్నర పోయినట్టే. కాన్పు తర్వాత తల్లి నాడి నిమిషానికి 110 దాటి, ఒళ్లు చల్లబడి చెమట పడుతుంటే బీపీ అంకె బాగున్నా రక్తస్రావం ఎక్కడుందో వెతకాలి.

నిలబడగానే 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం కాళ్లలోకి, పొత్తికడుపులోకి దిగుతుంది. కదలకుండా నిలబడితే పాదం దగ్గర సిరలో ఒత్తిడి 90 మి.మీ. దాకా చేరుతుంది. ఆ రక్తాన్ని పైకి ఎక్కించేది గుండె కాదు, పిక్క కండరాలు. అడుగు వేసినప్పుడల్లా అవి లోపలి సిరలను పిండుతాయి, సిరల లోపల ఉన్న చిన్న కవాటాలు రక్తాన్ని వెనక్కి జారనివ్వవు. నడుస్తుంటే అదే ఒత్తిడి 30 కంటే కిందికి దిగుతుంది. ఊపిరి తీసినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గి, పొట్టలో పెరిగి, రక్తం పైకి లాగబడుతుంది. మెడలోని కెరోటిడ్ ధమనిలో, బృహద్ధమని వంపులో ఉన్న ఒత్తిడి గ్రాహకాలు క్షణాల్లో నాళాలను బిగించి గుండె వేగం పెంచుతాయి. వయసు మళ్లినవాళ్లలో, మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లలో ఈ స్పందన మందగిస్తుంది. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే నీళ్ల మాత్రలు, ప్రొస్టేటుకు వాడే టామ్సులోసిన్ వంటివి దాన్ని ఇంకా మందగింపజేస్తాయి. రాత్రి మూత్రానికి లేచి కిందపడి తుంటి ఎముక విరగడం వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. పడుకున్నప్పటి కంటే లేచి నిలబడ్డ మూడు నిమిషాల లోపు పై అంకె 20, లేదా కింది అంకె 10 తగ్గితే మందుల జాబితా మళ్లీ చూపించుకోవాలి. మంచం మీద ఒక నిమిషం కూర్చుని, పాదాలు పైకీ కిందికీ పది పదిహేనుసార్లు ఆడించాకే లేవడం మేలు.

ఎండాకాలంలో చర్మం కింది నాళాలన్నీ వేడిని వదలడానికి తెరుచుకుంటాయి. చెమటలో నీరు, ఉప్పు పోతాయి. ఆ స్థితిలో కదలకుండా నిలబడితే గుండెకు చేరే రక్తం బాగా తగ్గి మనిషి సొమ్మసిల్లుతాడు. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు భుజాలు పట్టి లేపి కూర్చోబెడతారు, నోట్లో నీళ్లు పోస్తారు. రెండూ తప్పే. నీడలో వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఒక అడుగు ఎత్తితే కాళ్లలోని రక్తం వెంటనే గుండెకు చేరుతుంది. తెలివి పూర్తిగా వచ్చాకే ఓఆర్‌ఎస్, ఒక ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీటిలో కలిపి ఇవ్వాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బ. తడిబట్టలతో, గాలితో చల్లబరుస్తూ ఆసుపత్రికి తరలించాలి. నెలలు నిండిన గర్భిణికి మాత్రం వెల్లకిలా పడుకోబెట్టడం పనికిరాదు. బరువెక్కిన గర్భాశయం అధో బృహత్సిరను వెన్నెముకకు నొక్కేస్తుంది, గుండెకు వచ్చే రక్తం తగ్గి ఆమెకు తల తిరుగుతుంది, బిడ్డకూ రక్తం తగ్గుతుంది. ఎడమవైపు ఒత్తిగిలి పడుకోబెడితే సర్దుకుంటుంది.

కాలి సిరల్లో కవాటాలు పాడైతే రక్తం వెనక్కి జారి, చర్మం కింది సిరలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి. గంటల తరబడి నిలబడి పనిచేసే వంటవాళ్లు, క్షురకులు, ట్రాఫిక్ పోలీసులు, ఉపాధ్యాయుల్లో ఇది ఎక్కువ. సాయంత్రానికి కాళ్లు బరువెక్కడం, చీలమండ లోపలివైపు చర్మం నల్లబడటం, అక్కడే మానని పుండు పడటం దీని వరస. చీలమండ దగ్గర ఎక్కువ బిగువు, పైకి పోయేకొద్దీ తక్కువ బిగువు ఉండే సాగే మేజోళ్లు పొద్దున్నే, మంచం దిగకముందే తొడుక్కోవాలి. మధుమేహం ఉన్నవాళ్లూ పొగతాగేవాళ్లూ ముందు పాదంలో ధమని నాడి అందుతోందో లేదో చూపించుకోవాలి. ధమనులు పూడిన కాలికి బిగుతు మేజోడు వేస్తే వేళ్లు కుళ్లిపోవచ్చు. ఉబ్బిన సిర పగిలి రక్తం చిమ్మితే, పడుకోబెట్టి కాలు ఎత్తి, గాయం మీద బట్టతో గట్టిగా నొక్కితే నిమిషాల్లో ఆగుతుంది. పైన తొడకు తాడు కడితే రక్తం పైకి పోయే దారి మూసుకుని కారడం ఇంకా పెరుగుతుంది.

లోపలి సిరల్లో రక్తం నిలిచిపోతే గడ్డ కట్టే ప్రమాదం ఉంది. శస్త్రచికిత్స తర్వాత రోజులు మంచం మీదే గడపడం, కాన్పు తర్వాతి వారాలు, కేన్సర్, గర్భనిరోధక మాత్రలు, నాలుగు గంటలకు మించిన ప్రయాణాలు ఆ ప్రమాదాన్ని పెంచుతాయి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రుల ప్రయాణం హైదరాబాద్‌లో ఎక్కింది మొదలు ఇరవై గంటలు దాటిపోతుంది. గంట రెండు గంటలకోసారి లేచి నడవడం, సీట్లో ఉన్నప్పుడు మడమలు ఎత్తి దించడం, సరిపడా నీళ్లు తాగడం అవసరం. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే దాన్ని నూనె రాసి మర్దనా చేయకూడదు. గడ్డ ఊడితే అధో బృహత్సిర, కుడి గుండె దాటి పుపుస ధమనిలో ఇరుక్కుంటుంది. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం కనిపిస్తే అది అత్యవసరం.

పేగుల నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకు రాదు. పోర్టల్ సిర ద్వారా కాలేయంలో రెండోసారి కేశనాళికల్లాంటి సన్నని దారుల్లో తిరిగి, అప్పుడు అధో బృహత్సిరను చేరుతుంది. తాగుడు వల్లో, హెపటైటిస్ వల్లో కాలేయం గట్టిపడితే ఆ దారి మూసుకుంటుంది. రక్తం అన్నవాహిక చుట్టూ ఉన్న చిన్న సిరల్లోకి మళ్లి అవి ఉబ్బుతాయి, ఒకరోజు పగిలి గిన్నెడు రక్తం వాంతి అవుతుంది.

గుండె ఆగినప్పుడు

గుండె ఆగి కూలిపోయిన మనిషికి ఛాతీ మీద నొక్కేటప్పుడు కూడా ప్రసరణ ఇదే సూత్రంతో నడుస్తుంది. స్పృహ లేదు, శ్వాస లేదు లేదా అప్పుడప్పుడు ఎగశ్వాస మాత్రమే ఉందంటే, ఒకరు 108కు ఫోన్ చేస్తుండగానే ఇంకొకరు మొదలుపెట్టాలి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఆనించి, రెండో చెయ్యి దాని మీద పెట్టి, మోచేతులు వంచకుండా నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. నొక్కడం ఎంత ముఖ్యమో వదలడం అంతే ముఖ్యం. ఛాతీ పూర్తిగా పైకి లేచినప్పుడే లోపల ఒత్తిడి తగ్గి, సిరల నుంచి రక్తం గుండెలోకి వస్తుంది, కరోనరీ ధమనుల్లోకీ అప్పుడే పోతుంది. బరువంతా ఛాతీ మీదే మోపి ఉంచి పైపైన ఆడిస్తే గుండె ఖాళీగానే ఉంటుంది. సరిగ్గా చేసినా అందేది మామూలు ప్రవాహంలో మూడో వంతు కూడా కాదు. మధ్యలో ఆపితే ఒత్తిడి సున్నాకు పడుతుంది, మళ్లీ కూడగట్టుకోవడానికి చాలా నొక్కుళ్లు పడతాయి. అందుకే ఆపడం ఎప్పుడూ పది సెకన్లకు మించకూడదు. ఇద్దరుంటే రెండు నిమిషాలకోసారి మారాలి. అలసిన మనిషి తనకు తెలియకుండానే లోతు తగ్గిస్తాడు, ఛాతీ మీద ఒరిగిపోతాడు.